పాత కంపెనీ నోటీసు పంపింది, యాప్ ఆపెయ్యాలా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది పర్లాకిమిడి. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగున్నరేళ్లు చేశాను, రైస్ మిల్లులకీ జీడి ఫ్యాక్టరీలకీ స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. నాన్నకి ఒంట్లో బాగోక పోయినేడాది మానేసి ఇంటికొచ్చేశాను. పలాస, కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల కోసం సొంతంగా ఒక యాప్ చేశా, ఆరుగురు వాడుతున్నారు, వాళ్లలో ఇద్దరు పాత కంపెనీ కస్టమర్లే. ఇప్పుడు నోటీసు వచ్చింది. మా సోర్స్ కోడ్ దొంగిలించావు, మా కస్టమర్లని లాక్కున్నావు, మానేశాక రెండేళ్లు ఇదే లైన్లో పని చెయ్యనని సంతకం పెట్టావు, 15 రోజుల్లో యాప్ ఆపేసి 50 లక్షలు కట్టు అని. దాచడం ఎందుకు, మానేసే వారంలో పాత కోడ్ జిప్ చేసి నా జీమెయిల్‌కి పంపుకున్నా, రిఫరెన్స్‌కి ఉంటుందని. అది డిలీట్ చేసెయ్యమంటారా? నాన్నేమో పొలం అమ్మేద్దాం అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ముందు నాన్నగారికి చెప్పు, పొలం జోలికి వెళ్లొద్దని. లాయర్ నోటీసంటే కోర్టు ఆర్డరు కాదు, సమన్లు కూడా కాదు, అవతలి లాయరు తన లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం, ఆ 50 లక్షలు వాళ్లు వేసుకున్న అంకె, రేపు కోర్టుకెళ్తే ఎంత నష్టం జరిగిందో వాళ్లే చూపించుకోవాలి. రెండోది, ఆ జిప్ ఫైల్ డిలీట్ చెయ్యకు. ఎందుకో కింద చెప్తాను గానీ ఇది చదువుతుండగానే వేలు అటు పోతుందేమోనని ముందే చెప్పేస్తున్నా.

నీలా నోటీసు పట్టుకుని బరంపురం కోర్టు దగ్గరకొచ్చే పిల్లలందరూ భయపడేది ఆ రెండేళ్ల కండిషన్‌కే, తీరా చూస్తే నోటీసు మొత్తంలో అన్నిటికంటే బలం లేనిది అదే. కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషి న్యాయంగా చేసుకునే పని చేసుకోకుండా కట్టేసే ఒప్పందం ఆ మేరకి చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకో చోట చెయ్యకూడదంటే చెల్లుతుంది, అది 1967లోనే గోలికరీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కాంట్రాక్ట్ అయిపోయాక కూడా పట్టుకుంటామంటే కుదరదని 2006లో మన క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో చెప్పింది, ఆయన మేనేజ్‌మెంట్ కంపెనీ ఒకటి అలాగే పట్టుకోబోయింది. బాండ్ సంగతి వేరు, దీంతో కలిపెయ్యకు. మూడేళ్లు చెయ్యకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ బాండ్ చెల్లుతుందని 2025లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. నీ అగ్రిమెంట్‌లో అలాంటిదున్నా నాలుగున్నరేళ్లు చేశావు కదా, ఆ గడువు దాటే ఉంటుంది, అయినా ఒకసారి చూసుకో.

ఇప్పుడు కోడ్ సంగతి. మీ కుర్రాళ్లకి ఇక్కడే అర్థం కాదు, నేను రాసిన కోడ్ నాది కాకుండా ఎలా పోతుంది అంటారు. పోతుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని మన కాపీరైట్ చట్టం సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. బరంపురం పట్టుచీరలు నేసేవాళ్లని అడుగు, కూలికి నేసిన చీర నేయించిన యజమానిది, చెయ్యి తిరిగిన నేత మాత్రం నేసినవాడిదే, దాన్ని ఎవరూ లాక్కోలేరు. నువ్వు నేర్చుకున్న ప్రోగ్రామింగూ, జీడి వ్యాపారం మీద నీకున్న అవగాహనా నీవే. లాట్ నంబర్ పెట్టి స్టాకు చూపించడం, జీడిపప్పుకి డబ్ల్యూ 240 డబ్ల్యూ 320 అని గ్రేడ్ల వారీగా రేటు వెయ్యడం, ఇవి పలాసలో పప్పు ఏరే ఆడమనిషికి కూడా తెలుసు, వాటి మీద ఏ కంపెనీకీ హక్కు లేదు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని సుప్రీం కోర్టు 1978లోనే తేల్చేసింది.

అయితే రాసిన తీరు దగ్గరే దొరికిపోతారు. రెండు కోడ్‌లు పక్కపక్కన పెడతారు. కంపెనీ కోడ్‌లో తేమ లెక్కకి వాడిన వేరియబుల్ (కోడ్‌లో ఒక విలువని దాచుకునే చోటు) పేరులో ఎవరో తొందరలో ఒక అక్షరం మింగేశారనుకో, అదే పేరు అదే అక్షరం లేకుండా నీ యాప్‌లో కూడా కనిపించిందంటే నేను కాదు కదా దేశంలో ఏ లాయరూ జడ్జి గారికి సమాధానం చెప్పలేడు. లెక్క రెండు చోట్లా ఒకేలా ఉంటే ఏదో వాదించొచ్చు, ఒకే తప్పు రెండు చోట్ల ఎలా వచ్చిందంటే ఏటి చెప్తాం. అందుకని ఇవాళ రాత్రి కూర్చుని నీ యాప్‌లో ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద నిజాయితీగా రాయి, నాకు తప్ప ఎవరికీ చూపించకు.

ఇంక ఆ జిప్ ఫైల్. నువ్వు యాప్‌లో ఒక్క లైన్ వాడకపోయినా అది నీ మెయిల్‌లో ఉండటమే ఇబ్బంది. ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకోవడం తప్పు, అదే దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద తెలిసి కాపీ కొట్టినవాళ్లకి ఆరు నెలల నుంచి మూడేళ్లు, అది కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యొచ్చు), నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రాదు) అని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీం కోర్టు చెప్పాక కంపెనీలకి ఇదో కర్ర దొరికినట్టయింది, సివిల్ కేసు నడుస్తుండగానే పోలీస్ స్టేషన్‌కి కూడా పోతున్నారు. అమెరికాలో లెవాండోస్కీ అని గూగుల్‌లో డ్రైవర్ లేని కార్ల మీద పనిచేసిన పెద్ద ఇంజనీరు, మానేసే ముందు 14 వేల ఫైళ్లు దింపుకున్నాడని గూగుల్ వాళ్ల వేమో కంపెనీ ఊబర్ మీద కేసేసింది, 2018లో ఊబర్ సుమారు 24.5 కోట్ల డాలర్ల షేర్లిచ్చి రాజీ పడింది, ఆయనకి 2020లో 18 నెలలు శిక్ష పడింది. 2021లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారనుకో, మనకి అటువైపు చుట్టాలెవరూ లేరు కదా.

మరి డిలీట్ ఎందుకు వద్దంటున్నానంటే, నువ్వు పంపుకున్నట్టు కంపెనీ సర్వర్‌లో రికార్డు ఉండనే ఉంటుంది, బహుశా నోటీసు వచ్చిందే దాన్ని చూసుకుని. వాళ్ల దగ్గర పంపిన ఆనవాలుండి నీ దగ్గర ఫైల్ లేకపోతే సాక్ష్యం మాయం చేశాడంటారు, అది ఇంకో నేరం. నా దగ్గరకొచ్చిన ఒకతను నోటీసు అందిన రాత్రే ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టేసి పొద్దున్నే కులాసాగా వచ్చి కూర్చున్నాడు, తీరా విచారణలో మేం నిజంగా కోడ్ కాపీ చెయ్యలేదని చూపించుకోడానికి కావలసిన పాత డ్రాఫ్టులన్నీ అదే ల్యాప్‌టాప్‌లో ఉండేవని తెలిసింది. నెత్తి పట్టుకున్నాం ఇద్దరం. కాబట్టి ఆ ఫైల్ తెరవకు, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, అలాగే ఉంచు. జవాబు ఇచ్చేటప్పుడు దాన్ని లాయర్ ద్వారా అప్పజెప్పి ఇకపై వాడనని రాసిస్తే సగం వేడి అక్కడే చల్లారుతుంది. యాప్‌లో అనుమానం ఉన్న మాడ్యూల్స్‌ని, అంటే భాగాల్ని, పాత కోడ్ ఎప్పుడూ చూడని ఇంకో కుర్రాడి చేత మొదట్నుంచీ రాయించు, నువ్వు పక్కన కూర్చుని చెప్పొద్దు కూడా.

కస్టమర్ల విషయం సగం సగం. కాశీబుగ్గలో ఫలానా ఫ్యాక్టరీ ఉందని బోర్డు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అలాంటి పరిచయాలు నీ బుర్రలో ఉంటే తప్పు కాదు, 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వర్సెస్ ప్రియా పురి కేసులో ఢిల్లీ హైకోర్టు ఇంచుమించు ఇదే చెప్పింది. ఎవరికి ఎంత రేటు, ఎప్పుడు రెన్యువల్ అన్న ఎక్సెల్ షీటు మోసుకొచ్చావంటే కథ వేరు, 1995లో బర్లింగ్టన్ కేసులో కస్టమర్ల జాబితాకి కూడా కాపీరైట్ ఉందని అదే కోర్టు అంది. వ్యాపార రహస్యాలకి మన దేశంలో విడిగా చట్టం లేదు, 2024లో లా కమిషన్ 289వ రిపోర్టులో ముసాయిదా ఇచ్చింది గానీ అది చట్టం కాలేదు, అందుకే ఇలాంటివన్నీ ఒప్పందం, కాపీరైట్ చుట్టూనే తిరుగుతుంటాయి.

కేసు ఎక్కడ వేస్తారంటే, నువ్వు ఒడిశాలో ఉన్నా కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వల్ల వాళ్లు హైదరాబాద్‌లోనే వెయ్యొచ్చు. నిన్ను పిలవకుండానే స్టే తెచ్చుకుని, కోర్టు కమిషనర్ని పర్లాకిమిడి మీ ఇంటికి పంపి ల్యాప్‌టాప్ కాపీ తీయించొచ్చు. అందుకే అక్కడ ఒక కేవియట్ వేయించు, అంటే నా మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టుకునే అర్జీ, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద, 90 రోజులు ఉంటుంది, ఖర్చు పెద్దగా అవ్వదు. 15 రోజుల్లోపు నోటీసుకి జవాబు వెళ్లాలి, చట్టం బలవంతం చెయ్యదు గానీ నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టు చూపిస్తారు. నీ పాత మేనేజర్‌కి మాత్రం వాట్సాప్‌లో సారీ సార్ తప్పయిపోయింది అని పెట్టకు, ఆ స్క్రీన్‌షాటే కోర్టులో మొదటి ఎగ్జిబిట్, అంటే సాక్ష్యం, అవుతుంది.

ఒక సంగతి నువ్వు ప్రశ్నలో దాటేశావు, యాప్ మొదలెట్టింది ఎప్పుడని. రాజీనామా చేశాకా, లేక హైదరాబాద్‌లో ఉండగానే రాత్రిళ్లు కూర్చున్నావా? కాలిఫోర్నియాలో అయితే సొంత టైములో, సొంత కంప్యూటర్ మీద, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా చేసుకున్నది ఉద్యోగిదే అని లేబర్ కోడ్‌లోనే రాసుంది, మనకి అలాంటి సెక్షన్ లేదు, నీ అగ్రిమెంట్‌లో ఏం రాసుంటే అదే మెడకి చుట్టుకుంటుంది. మొదటి కమిట్ (కోడ్‌ని మొదటిసారి రికార్డులో సేవ్ చేసిన) తేదీ కనిపించేలా ప్రింట్ తీసుకుని, రిలీవింగ్ లెటరూ అగ్రిమెంటూ పట్టుకుని సోమవారం బండెక్కు, అవి చూశాకే యాప్ ఆపాలో వద్దో చెప్తాను.