మార్మికులను పోల్చేటప్పుడు

ప్రశ్న: శంకరాచార్యుల వాక్యాలు, మధ్యయుగ జర్మన్ మార్మికుడు (మిస్టిక్, అంటే దైవంతో ఐక్యాన్ని గురించి చెప్పేవాడు) ఎక్‌హార్ట్ వాక్యాలు పక్కపక్కన పెట్టి ఎం.ఏ. వ్యాసం రాశాను. ఇద్దరూ అన్నది ఒకటేనని తేల్చాను. ‘ఇది పోలిక కాదు, ఏరివేత’ అంటూ తిప్పి పంపారు. తప్పెక్కడ?

జవాబు: పోలిన వాక్యాలనే ఏరారు కాబట్టి అవి పోలి ఉన్నాయి. ఇలా విడి వాక్యాలు ఊడబెరికితే ఏమవుతుందో ఎక్‌హార్ట్ విషయంలోనే చూడవచ్చు. 1329లో పోప్ ఇరవై రెండో జాన్ ఆయన పేరిట ఉన్న 28 వాక్యాలను విచారించి, 17 మతవిరుద్ధమన్నాడు. మిగతా 11 అనుమానాస్పదమే గానీ బోలెడు వివరణ జోడిస్తే సరైన అర్థం రావచ్చని ఆ తీర్పే ఒప్పుకుంది. ఆ వివరణ ఉండేది చుట్టూ ఉన్న పాఠంలోనే.

ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి. ‘ఇద్దరూ ఏకత్వం చెప్పారా?’ అన్నది మరీ వదులు. ‘ఆ ఐక్యం కొత్తగా కలిగేదా, ఎప్పుడూ ఉన్నదేనా?’ అని అడగండి. పుట్టేదేదైనా నశిస్తుంది కనుక మోక్షం కర్మఫలం కాదని, అవిద్య తొలగడమే కావాలని శంకరులు అంటారు. ఎక్‌హార్ట్ అయితే ఆత్మలో దేవుని కుమారుడు జన్మిస్తాడంటారు. ఇక్కడే దారులు చీలతాయి. అసలు వ్యాసం మొదలయ్యేదీ ఇక్కడే.

ఒక్కొక్కరి నుంచి నాలుగైదు భాగాలు చాలు. భాగమంటే శంకరుల భాష్యంలో అధికరణమంతా (ఒక విషయంపై చర్చ మొత్తం), పూర్వపక్షంతో (ఖండించడానికి ముందుగా చెప్పే ప్రత్యర్థి వాదంతో) సహా. పూర్వపక్షిని శంకరులనుకుని ఉటంకించడం తరచూ జరిగే పొరపాటు. వివేకచూడామణి ఆయనదేనా అన్నది వివాదం. బ్రహ్మసూత్ర భాష్యం, ఉపదేశసాహస్రి పట్టుకుంటే ఆ గొడవ లేదు. ఎక్‌హార్ట్ నుంచి ఉపన్యాసమంతా తీసుకోండి. జర్మన్‌లో చెప్పినదా, పండితులకు లాటిన్‌లో రాసినదా అన్నదీ గుర్తించండి. జర్మన్ మతశాస్త్రవేత్త రుడాల్ఫ్ ఒటో 1926లో ఈ ఇద్దరినే పోల్చి, పుస్తకం రెండో భాగాన్ని భేదాలకే కేటాయించారు. మీ వ్యాసంలో ఆ సగమే లేదు.

ప్రశ్న: అనుభవం ఒకటే, వర్ణనలే వేరు అనవచ్చా?

జవాబు: దాదాపు అలాగే అన్నారు తత్వవేత్త డబ్ల్యూ.టి. స్టేస్, 1960లో. సంప్రదాయం వర్ణనను మాత్రమే కాదు, అనుభవాన్నే మలుస్తుందని స్టీవెన్ కట్జ్ 1978లో ఎదురు నిలిచారు. విషయమేదీ లేని శుద్ధచైతన్యం సాధ్యమేనని రాబర్ట్ ఫోర్మన్ బృందం 1990లో బదులిచ్చింది. మా దృష్టిలో కట్జ్ హెచ్చరిక బలమైనది, కానీ ‘మలచని అనుభవం లేదు’ అన్నది ఆయన నిరూపించినది కాదు, ముందే అనుకున్నది. మీ వ్యాసంలో ‘అనుభవం’ అన్న ప్రతిచోటా ‘అనుభవ వర్ణన’ అని మార్చి చదవండి. వాదం కూలితే, పాఠం చెప్పనిదేదో మీరు చేర్చారన్నమాట.

ప్రశ్న: మందుతో మార్మికానుభవం వస్తుందని 1962 గుడ్ ఫ్రైడే ప్రయోగం రుజువు చేసిందా?

జవాబు: అంత దూరం వెళ్లదు. బోస్టన్‌లో వాల్టర్ పాన్కే 20 మంది క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థుల్లో సగం మందికి 30 మి.గ్రా. సిలోసైబిన్ (చైతన్యాన్ని మార్చే మందు), మిగతావారికి పోలిక కోసం నికోటినిక్ ఆమ్లం ఇచ్చారు. ఎవరికేది అందిందో ఎవరికీ తెలియకూడదన్నది నియమం. మందు పనిచేయగానే అది బయటపడిపోయింది. కొలిచిన లక్షణాలు చాలావరకు మార్మికానుభవానికి స్టేస్ చేసిన వర్గీకరణలోవే, కనుక స్టేస్‌కు మద్దతుగా ఈ ఫలితాన్ని తేవద్దు. రిక్ డోబ్లిన్ 1991 సమీక్ష కూడా చదవండి: ఒకరికి ఆందోళన అణచే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చిందని, పాన్కే ఆ సంగతి నివేదించలేదని అందులో ఉంది.