లక్ష రూపాయల చీటీ వేయాలా, ఆర్డీ కట్టుకోవాలా?

డీఎస్సీలో కొత్తగా టీచర్ ఉద్యోగం వచ్చిందని, స్టాఫ్‌రూమ్‌లో అందరూ 20 నెలల లక్ష చీటీలో చేరమంటున్నారని, చేరాలా లేక ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టుకోవాలా అని అడిగారు. నేను విశాఖలో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఒక బడిలో లెక్కలు చెబుతాను. చీటీలు నేనూ వేశాను, ఇప్పుడూ ఒకటి నడుస్తోంది. చీటీ మంచిదా కాదా అన్నది మీరు ఎన్నో నెలలో ఎత్తుకుంటారన్న దాని మీదే ఉంటుంది.

20 మంది, నెలకు 5,000. మొదటి నెల పాట (డబ్బు ముందే కావాల్సినవారు లక్షలో ఎంత వదులుకుంటారన్న వేలం) 25,000కి పోయిందనుకోండి. అందులో లక్షకు 5 శాతం చొప్పున ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమీషన్ 5,000 తీసేస్తే మిగిలిన 20,000 తలా వెయ్యి వస్తుంది. ఆ నెల అందరూ కట్టేది 4,000. పాట నెలనెలా సమానంగా తగ్గుతూ ఆఖరికి కమీషన్ ఒక్కటే మిగిలిందనుకుంటే, ఒక్కొక్కరు మొత్తం కట్టేది 90,000. చివర ఎత్తుకున్నవారికి వచ్చేది 95,000. అంటే నూటికి నెలకు 60 పైసల వడ్డీ, ఏడాదికి 7 శాతం పైచిలుకు. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్డీకి 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం ఇస్తున్నారు. ఈ కాస్త తేడా కోసం ఇరవై మందీ సక్రమంగా కడతారా లేదా అని టెన్షన్ పడటం ఎందుకు?

మొదటి నెలే పాడినవారి సంగతి వేరు. చేతికి 75,000 తీసుకుని వాళ్లూ అదే 90,000 కడతారు. దాదాపు రెండు రూపాయల వడ్డీ.

అంత వడ్డీకి ఎవరు పాడతారు అంటే, మా బడిపిల్లల ఇళ్లలోవాళ్లే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, రాబడి ఆగిపోతుంది, నిషేధం ముగిసే రోజుల్లోనే బడులు తెరుస్తారు. ఆ రోజుల్లో పాట బాగా పైకి పోతుంది. దీన్ని దుబారా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. చీటీ లేకపోతే వాళ్లకు దొరికేది రోజువారీ ఫైనాన్స్. 10,000 అప్పని రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. తొమ్మిదో తరగతిలో ఈ లెక్క ఇస్తే చాలామంది ఐదు రూపాయల చిల్లర వడ్డీ అంటారు. 1,500ని 8,500తో, మూడు నెలల పది రోజులతో భాగిస్తే అంతే వస్తుంది మరి. కానీ అసలు రోజూ కొంచెం తీరిపోతూనే ఉంది కదా, వాళ్ల దగ్గర 8,500 పూర్తిగా ఉన్నది మొదటి రోజు ఒక్కటే. దాన్ని లెక్కలోకి తెస్తే అది పది రూపాయల వడ్డీ. (బారువడ్డీ పాఠంలో అసలంతా ఆఖరున ఒక్కసారే తీర్చేస్తారు. అలా తీర్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు.) పది పక్కన రెండు చాలా నయం.

మీ పరిస్థితి అది కాదు. నెలనెలా జీతం పడుతుంది. నిజంగా డబ్బు అవసరమైనా, జీతం సర్టిఫికెట్ చూసి బ్యాంకు పర్సనల్ లోన్ రూపాయి, రూపాయి పావలా వడ్డీకి ఇస్తుంది. కాబట్టి మీకు ఆర్డీయే సరి. సీపీఎస్‌కి (పెన్షన్ పథకానికి) ఎలాగూ జీతంలో 10 శాతం కోత పడుతుంది, ఇంటి ఖర్చులు పోను మిగిలేదాంట్లో మూడో వంతు ఆర్డీకి పెట్టినా చాలు. స్టాఫ్‌రూమ్‌లో మాట కాదనలేక చేరితే మాత్రం అది చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయిన చీటీయో కాదో అడగండి. 1982 చట్టం ప్రకారం ఫోర్‌మన్ ముందే హామీగా డిపాజిట్ పెట్టాలి, 2019 సవరణ తర్వాత కమీషన్ 7 శాతం మించకూడదు. చేతిరాత నోటుబుక్కులో నడిచే చీటీకి ఇవేవీ ఉండవు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. గవర్నమెంట్ టీచర్ అని తెలియగానే మిమ్మల్ని చీటీలో చేరమనేవాళ్ల కంటే జామీను సంతకం పెట్టమనేవాళ్లే ఎక్కువ వస్తారు. చీటీ ఎత్తుకున్నవారు కట్టడం మానేస్తే కంపెనీ ముందుగా చూసేది మీ జీతం వైపే. తోడబుట్టినవాళ్లకి తప్ప నేను పెట్టను. వాళ్లకి పెట్టినా, ఇంకా ఎన్ని నెలల వాయిదాలు మిగిలాయో పాస్‌బుక్ తెప్పించుకుని చూసే పెడతాను.