నడుముకి బెల్టు సరే, నీ చెప్పులు చూశావా?

అమ్మలూ,

నడుం నొప్పికి బెల్టు కొన్నావని, అయినా షాపు మూసే వేళకి వంగలేకపోతున్నావని మీ అమ్మ చెప్పింది. బెల్టు సంగతి తర్వాత. ముందు రోజూ వేసుకునే చెప్పులు తిరగేసి చూడు.

నేను రెండేళ్లు నడుముకే మందు రాసుకున్నాను. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు గచ్చు మీద బోర్లిస్తే, రెండు మడమలూ లోపలివైపే అరిగిపోయి ఉన్నాయి. కుడిదాని రబ్బరు అంచు కత్తితో చెక్కినట్టు పల్చబడింది. నాకు పాదాల కింద వంపే లేదని అప్పుడు తెలిసింది. స్నానం చేసొచ్చి తడికాలితో పొడి గచ్చు మీద అడుగు వెయ్యి. లోపలివైపు ఖాళీ లేకుండా పాదమంతా అచ్చు పడితే నీదీ చదునుపాదమే.

అలాంటి పాదం బరువు పడగానే లోపలికి ఒరుగుతుంది. దాని వెంట మోకాలు, తొడ లోపలికి తిరుగుతాయి, కటి, అంటే తుంటి ఎముకల గూడు, ముందుకు వాలుతుంది, నడుం దగ్గర వంపు పెరుగుతుంది. పొద్దస్తమానం నిలబడే నీకు ఆ భారమంతా నడుం కండరాలే మోయాలి. చదునుపాదం ఉన్నవాళ్లందరికీ నొప్పి రాదులే. నీకు మాత్రం మడమ కూడా నొప్పి అంటున్నావు కదా, అందుకే చెబుతున్నాను.

మన విశాఖ ఆర్కే బీచ్‌లో అలల అంచునే నడుస్తున్నావట. అక్కడ తడి ఇసుక సముద్రంవైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. ఒక కాలు పొట్టిగా ఉన్న మనిషిలా నడుస్తున్నట్టే. అది మానెయ్యి. పొద్దున్నే బండ్లని రానివ్వని వేళ బీచ్ రోడ్డు మీద, మడమ దగ్గర గట్టిగా ఉన్న బూట్లతో నడువు. బూట్లు సాయంత్రం కొనుక్కో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి.

రాత్రి గోడకి చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా 30 సెకన్లు ఉండు. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. కాలికి మూడుసార్లు చాలు. షాపులో చిన్న పీట ఉంచుకుని కాళ్లు మార్చి మార్చి దాని మీద పెట్టు.

సింహాచలం గిరి ప్రదక్షిణ ఈ ఆషాఢంలో వద్దమ్మా. 32 కిలోమీటర్లు, అదీ ఒట్టికాళ్లతో! వచ్చే ఏడు నేనూ వస్తాను.

కాలు పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా, మూత్రం అదుపు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లు, ఎవరికోసమూ ఆగకు.

ఆదివారం వచ్చేటప్పుడు పాత చెప్పులు పారెయ్యకుండా పట్టుకురా, చూస్తాను.

మావయ్య