హైపర్-వీలో ఉబుంటు మెషీన్ ఐపీ మారకుండా ఉండాలంటే

మీరు అడిగినవి రెండు. విండోస్ 11 ప్రోలో హైపర్-వీ (విండోస్ లోపలే వర్చువల్ కంప్యూటర్లు నడిపే సదుపాయం) ఆన్ చేసి కొత్త వర్చువల్ మెషీన్ పెడితే ఉబుంటు ఇన్‌స్టాలర్ బూట్ కావట్లేదని ఒకటి. ఇదివరకే ఎక్కించిన మెషీన్‌కి లాప్‌టాప్ రీస్టార్ట్ అయినప్పుడల్లా ఐపీ మారిపోతోందని రెండోది. రెండూ నేను పడ్డవే.

మొదటిది తేలిక. జనరేషన్ 2 మెషీన్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ముందే ఆన్ అయి ఉంటుంది, కానీ విండోస్‌కి సరిపోయే టెంప్లేట్‌తో. మెషీన్ ఆపేసి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద టెంప్లేట్‌ని ‘మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సర్టిఫికేట్ అథారిటీ’కి మార్చండి. సెక్యూర్ బూట్ మొత్తం తీసేయక్కర్లేదు. మీ పాత మెషీన్ ఏ గొడవా లేకుండా బూట్ అయిందంటే బహుశా అది జనరేషన్ 1 అయి ఉంటుంది, అందులో సెక్యూర్ బూటే ఉండదు.

ఐపీ సంగతికి వస్తే, తప్పు మీది కాదు. హైపర్-వీ తనే పెట్టి ఇచ్చే నెట్‌వర్క్ అయిన డిఫాల్ట్ స్విచ్ తీరే అంత: హోస్ట్ (అంటే మీ లాప్‌టాప్) రీస్టార్ట్ అయితే దాని అడ్రస్ రేంజే మారిపోవచ్చు. నేను చాలా రోజులు పొద్దున్నే కొత్త ఐపీ చూసి హోస్ట్స్ ఫైల్ దిద్దుకుంటూ గడిపాను. చివరికి వర్చువల్ స్విచ్ మేనేజర్‌లో ‘ఇంటర్నల్’ రకం స్విచ్ ఒకటి సొంతంగా పెట్టుకున్నాను. విండోస్ వైపు ఆ స్విచ్ అడాప్టర్‌కి 192.168.50.1 ఇచ్చి, అడ్మిన్‌గా తెరిచిన పవర్‌షెల్‌లో న్యూ-నెట్‌నాట్ కమాండ్‌తో 192.168.50.0/24కి నాట్ (మెషీన్ హోస్ట్ ద్వారా ఇంటర్నెట్‌కి వెళ్లే దారి) పెట్టాను. ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైల్‌లో 192.168.50.10 రాసి, గేట్‌వేగా 50.1 ఇస్తే సరి. ఈ స్విచ్‌మీద డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ వివరాలు తనంతట తానే ఇచ్చే సేవ) ఉండదు కాబట్టి డీఎన్ఎస్ (సైట్ పేర్లని ఐపీలుగా మార్చే సర్వర్) కూడా మీరే రాయాలి. నేనది మర్చిపోయి, ఐపీలకి పింగ్ వెళ్తున్నా ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) ఎందుకు పనిచేయట్లేదా అని ఒక పూటంతా వెతికాను. మీ ఆఫీసు వీపీఎన్ వాడే రేంజ్‌తో ఇది కలవకుండా కూడా చూసుకోండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. విండోస్ 10, 11లలో కొత్త మెషీన్‌కి ఆటోమేటిక్ చెక్‌పాయింట్లు (మెషీన్ అప్పటి స్థితిని గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికి వెళ్లనిచ్చేవి) ముందే ఆన్ అయి ఉంటాయి. చెక్‌పాయింట్ ఉన్నంతసేపూ కొత్త మార్పులన్నీ ఏవీహెచ్‌డీఎక్స్ అనే వేరే ఫైల్‌లోకి పోతాయి. ఒకసారి సీ డ్రైవ్ నిండిపోతే ఆ ఫైళ్లు అనవసరమైనవనుకుని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేశాను. నెల రోజులుగా సర్దుకున్న డేటాబేస్ పోయింది, తిరిగి రాలేదు. ఆ బాధ మీకు వద్దు. ఆటోమేటిక్ టిక్ తీసేసి, పెద్ద మార్పు చేసేముందు మీరే ఒక చెక్‌పాయింట్ పెట్టుకోండి. పని అయ్యాక దాన్ని హైపర్-వీ మేనేజర్‌లోంచే తొలగించండి, అప్పుడే ఆ మార్పులు అసలు డిస్క్‌లో కలుస్తాయి.