ఓటీపీ ఎవరికీ చెప్పకు చెల్లె: అడ్మిషన్ల సీజన్‌ల పాఠకుల ప్రశ్నలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినకాడి నుంచి ఈ పేజీకి వచ్చే మెసేజ్‌లల్ల సగం కాలేజీల గురించే. ఒక్క తీరువి కలిపి నాలుగింటికి జవాబు రాస్తున్న. మొదటిది మాత్రం కొంచెం పొడుగైంది, అట్లాంటి కథ మస్తు మందిది కాబట్టి.

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర తండా. బైపీసీ పాసైన. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పీఆర్ఓ బండేసుకొని మా ఇంటికొచ్చి బస్సు ఫ్రీ, మీరు రూపాయి కట్టేది లేదు, అంతా మేమే చూసుకుంటం అని చెప్పి టెన్త్ మెమో, టీసీ ఒరిజినల్సే తీస్కపోయిండు. మా నాయిన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా చెప్పిచ్చుకొని దోస్త్‌ల (డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ వెబ్‌సైట్) రిజిస్ట్రేషన్ చేసిండ్రంట. నాకేమో నల్లగొండ గవర్నమెంట్ విమెన్స్ కాలేజీల బీఎస్సీ చదవాలని ఉంది. ఇప్పుడు మారొచ్చా, అయిపోయినట్టేనా?

జవాబు: ఏం కాలేదు చెల్లె, భయపడకు. రిజిస్ట్రేషన్ అంటే అడ్మిషన్ కాదు. 2016 నుంచి మన తెలంగాణల డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ దోస్త్ మీదనే నిండుతున్నయ్, దాంట్ల రిజిస్ట్రేషన్ వేరు, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాల్నో వరుసగ పెట్టే లిస్టు) వేరు, సీటు వచ్చినంక సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు నాకు కావాలని ఆన్‌లైన్‌ల ఒప్పుకునుడు) వేరు, ఆఖరుకు కాలేజీకి పోయి రిపోర్ట్ చేసుడు వేరు. ఆ పీఆర్ఓ చేసింది మొదటి మెట్టు, మహా అంటే రెండోది. మీ నాయిన ఫోన్ల పాత మెసేజ్‌లు కిందికి జరిపి చూడు, ఆధార్‌కు లింకున్న నంబర్ అదే కాబట్టి దోస్త్ ఐడీ, పిన్ దానికే వచ్చి ఉంటయ్. దొరికితే రాసిపెట్టుకో, ఎవరికీ చూపెట్టకు. దొరకకపోయినా, రిజిస్ట్రేషన్ల వాళ్ల నంబర్ ఎక్కిచ్చిండ్రని అనుమానమున్నా ఆధార్ కార్డు పట్టుకొని, నాయినను ఎంటబెట్టుకొని దగ్గర్ల దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కు పో. సంగతి ఉన్నదున్నట్టు చెప్పు, అక్కడ కూసునేది లెక్చరర్లే, ఇట్లాంటివి వాళ్లకు కొత్త కాదు.

ఇగ ఆప్షన్ల ముచ్చట. వాళ్లు తమ కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ కొట్టి ఉంటరు. ఆ ఫేజ్‌ల, అంటే సీట్లు ఇచ్చే ఆ విడతల, ఆప్షన్ల ఆఖరి తారీఖు దాటకముందు నువ్వు లాగిన్ అయి మార్చుకోవచ్చు, చివరికి సేవ్ అయిన లిస్టే లెక్క. మార్చినంక ఆ పేజీ ప్రింట్ తీసుకో, లేదంటే ఫోన్ల స్క్రీన్‌షాట్ అన్నా తీసి తారీఖు పడేటట్టు చూసుకో.

లిస్టు ఎట్ల పెట్టాలనే దాంట్ల చానా మంది తప్పు దారిల ఆలోచిస్తరు. "నాకు ఆ కాలేజీల సీటు రాదేమో, పైన పెడితే వేస్ట్ అయితది" అనుకొని కిందిది తీసుకొచ్చి ఒకటో నంబర్ల పెడతరు. వేస్టేం కాదు. కంప్యూటర్ నీ మార్కులు పట్టుకొని, నీ రిజర్వేషన్ చూసి, నీ లిస్టుల పై నుంచి ఒక్కొక్కటి అడుక్కుంట వస్తది, ఎక్కడ నీ మెరిట్‌కు సీటుంటే అక్కడ ఆగుతది. ఒకటో నంబర్‌ల రాకపోతే రెండో దానికి పోయేటప్పుడు నీకు నష్టమేమీ లేదు. కాబట్టి నిజంగ నీకు ఏది కావాల్నో అదే పైన పెట్టు. ఇంకోటి, ఒక్క కాలేజీల కూడా కోర్సులు, మీడియం వేరువేరు ఆప్షన్లు, ఇంగ్లిష్ మీడియంది పెట్టి తెలుగు మీడియంది మర్చిపోతే తర్వాత నువ్వే బాధపడతవ్. పోయి రాలేనంత దూరంలున్న కాలేజీని మాత్రం లిస్టు నింపుదామని పెట్టకు, వచ్చిందంటే అదే నీ సీటు.

ఒకవేళ ఇప్పటికే ఆ ప్రైవేటు దాంట్లనే సీటు వచ్చిందనుకో, కోపంల వదిలెయ్యకు. ముందు సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి చేతుల ఉంచుకో, అది చెయ్యకపోతే ఆ సీటు పోతది. తర్వాతి ఫేజ్‌ల నల్లగొండ ఆప్షన్లు పెట్టు. కొత్తది వస్తే పాతది దానంతటదే పోతది, అందుకని రెండోసారి పెట్టేటప్పుడు చేతిలున్న దానికంటే మంచివే పెట్టాలె. ఫీజు తేడా కూడా తెలిసుండాలె, రిజిస్ట్రేషన్‌కు మొదటి ఫేజ్‌ల 200 రూపాయలు, తర్వాత అయితే 400.

సర్టిఫికెట్ల విషయం నాకు ఎక్కువ కోపం తెప్పిచ్చింది. ఇంటికొచ్చి ఒరిజినల్స్ గుంజుకపోయేటందుకు వాళ్లకు ఏ హక్కూ లేదు. కాలేజీలు అడ్మిషన్ టైముల ఒరిజినల్స్ చూసి, కాపీలు పెట్టుకొని, అసలువి వెంటనే వాపస్ ఇయ్యాలని 2018ల యూజీసీ నోటిఫికేషనే ఇచ్చింది. నువ్వైతే అడ్మిషనే తీసుకోలేదు. మీ నాయిన, ఊళ్లె నలుగురికి తెలిసిన ఒక పెద్దమనిషి కలిసి పోయి అడగండి, ఇయ్యకపోతే కాయితం మీద రాసిచ్చి దాని కాపీ మీద స్టాంప్ కొట్టిచ్చుకోండి. స్టాంప్ అనంగనే సగం మంది సర్టిఫికెట్లు తీసి టేబుల్ మీద పెడతరు. అప్పటికీ మొండికేస్తే అదే కాపీ తీస్కపోయి మీ దిక్కు కాలేజీలకు పెద్దదైన మహాత్మాగాంధీ యూనివర్సిటీల కంప్లయింట్ ఇయ్యండి, నల్లగొండలనే గదా.

ప్రశ్న: మాది అచ్చంపేట. మా పిలగాడు టెన్త్ అత్తెసరు మార్కులతోని గట్టెక్కిండు. ఐటీఐ అంటుండు, మా బామ్మర్ది ఏమో ఐటీఐ చేసినోడు ఏం బాగుపడ్డడు, ఇంటర్‌ల చేర్పియ్యమంటడు. ఏం చెయ్యాలె?

జవాబు: అన్నా, పిలగాడు ఏమంటుండో అది మీరే రాసిండ్రు, సగం జవాబు అండ్లనే ఉంది. ఐటీఐకి ఎంట్రెన్స్ ఉండదు, టెన్త్ మార్కుల మీద ఆన్‌లైన్‌ల అప్లై చేస్తే ట్రేడ్ వస్తది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేండ్లు, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ట్రేడ్) ఒక్క ఏడాదే. మార్కులు తక్కువున్నయంటే ఎలక్ట్రీషియన్ ఒక్కటే పెట్టి కూసోవద్దు, దానికి గిరాకీ ఎక్కువ. 2024ల రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తోని కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను ఏటీసీలుగ (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ) మార్చే పని మొదలుపెట్టింది, రోబోటిక్స్ లాంటి కొత్త కోర్సులు వాటిల్ల ఉన్నయ్. అప్లికేషన్ పెట్టేముందు పిలగాన్ని తీసుకొని పోయి ఆ ఐటీఐల వర్క్‌షాప్ ఒకసారి చూసి రండి, మిషన్ల మీద దుమ్ముందా, పిల్లల చేతులకు నూనె ఉందా అన్నది కంటికే తెలుస్తది.

ఐటీఐతోని చదువు ఆగిపోతదన్నది మీ బామ్మర్ది భ్రమ. ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిల చేరొచ్చు, డిప్లొమా అయినంక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిల చేరొచ్చు. మీ దిక్కే వనపర్తిల రాజావారి ప్యాలెస్‌ల నడిచే పాలిటెక్నిక్ ఉంది గదా, పాత పాలమూరు జిల్లాల దాని పేరు తెల్వనోళ్లు తక్కువ.

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి రాస్తున్న. ఇంటర్ అయినంక పెండ్లి చేసిండ్రు, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు డిగ్రీ చదివితే గ్రూప్స్‌కు పనికొస్తదా? రోజూ కాలేజీకి పోలేను.

జవాబు: పనికొస్తదమ్మా. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉన్నదే మీలాంటోళ్ల కోసం. డిగ్రీ మూడేండ్లు, దానికి దోస్త్‌తోని సంబంధం లేదు, యూనివర్సిటీ వెబ్‌సైట్లనే వేరేగ అప్లై చేసుకోవాలె, వయసు అడ్డం రాదు. నల్లగొండ ఎన్జీ కాలేజీల స్టడీ సెంటర్ ఉంది, మీకు ఇంకా దగ్గరుంటే అప్లికేషన్ల సెంటర్ ఎంచుకునేకాడ చూసుకోండి, తర్వాత మార్చుకునుడు తలనొప్పి. పుస్తకాలు వచ్చినంక అల్మారాల పెట్టి పరీక్షల ముందు తీసుడు కాకుండ అసైన్‌మెంట్ల తారీఖులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఇంటర్ మెమో దొరుకుతలేదని ఇంకో అక్క కూడా అడిగింది, డూప్లికేట్ మెమో కోసం ఇంటర్ బోర్డుకు ఆన్‌లైన్‌ల పెట్టుకోవచ్చు, కానీ టైం పడతది, నోటిఫికేషన్ కోసం చూడకుండ ఇప్పుడే మొదలుపెట్టాలె.

ప్రశ్న: జడ్చర్లల డిగ్రీల సీటు వచ్చింది. దోస్త్‌ల ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబర్ ఇచ్చిన, ఫీజు రీయింబర్స్‌మెంట్ దానంతటదే వస్తదా?

జవాబు: రాదు తమ్ముడూ. దోస్త్ సీటు కోసం, ఫీజు కోసం ఈపాస్‌ల (స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైట్) వేరేగ అప్లై చెయ్యాలె, కాలేజీల చేరినంక. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌ల మీ ఇంటి ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు, బీసీ, ఈబీసీలకు ఊళ్లల్ల లక్షన్నర, టౌన్‌ల 2 లక్షలు దాటొద్దు. సర్టిఫికెట్ పాతదైతే మీసేవల కొత్తది పెట్టు, అడ్మిషన్ల టైముల తహసీల్దార్ ఆఫీసుల కుప్పలు పడతయ్. టెన్త్ మెమోల పేరు, ఆధార్‌ల పేరు ఒక్క తీరుగ ఉన్నయా చూసుకో, ఇంటిపేరు ఒకదాంట్ల పూర్తిగ, ఇంకోదాంట్ల ఒక్క అక్షరం ఉంటే అక్కడనే ఆగుతది. బ్యాంక్ ఖాతాకు ఆధార్ లింక్ ఉండాలె. హాజరు 75 శాతం తగ్గొద్దు, అది తగ్గి స్కాలర్‌షిప్ ఆగినంక ఎవర్ని అడిగినా లాభం ఉండదు.