ఉత్తర కన్నడ ఐదు రోజుల్లో: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: అక్టోబరు–నవంబరులో హైదరాబాద్ నుంచి ఐదు రోజులు, వెంట అరవై దాటిన అమ్మానాన్న, ఏడేళ్ల పాప. గోకర్ణ, మురుడేశ్వర్, యాణ, జోగ్, శిరసి, దండేలి, కార్వార్ రాసుకున్నారు. వీటిలో ఏవి పెట్టుకోవాలి, ఏ వరసలో వెళ్లాలి?

ఏడూ కుదరవు. దండేలి, కార్వార్ ఈసారికి కొట్టేయండి. యాణ రాతి శిఖరాలు, జోగ్ జలపాతం, ఈ రెండింటిలో ఒకటే ఉంచుకోండి. మిగిలినవి తొందర లేకుండా చూడొచ్చు.

కర్ణాటక తీరంలోని ఉత్తర కన్నడ మ్యాపులో చిన్నగానే కనిపిస్తుంది. కానీ ఆ జిల్లా రెండంతస్తుల ఇల్లు లాంటిది. కింద సముద్రం పక్కన కార్వార్, అంకోలా, కుమటా, హొన్నావర, భట్కళ్ 66వ నంబరు జాతీయ రహదారి మీద వరసగా ఉంటాయి. పైన కొండల మీద ఎల్లాపుర, శిరసి, సిద్దాపుర. మధ్యలో దట్టమైన అడవి, దాన్ని దాటించే ఘాట్ రోడ్లు కొన్నే. అంకోలా–ఎల్లాపుర మధ్య అరబైల్ ఘాట్, కుమటా–శిరసి మధ్య దేవిమనె ఘాట్, హొన్నావర నుంచి గేరుసొప్ప మీదుగా జోగ్ వైపు ఎక్కే దారి, ఈ మూడూ మీకు పనికొచ్చేవి. చాలామంది గోకర్ణలో నాలుగు రాత్రులు రూమ్ తీసుకుని రోజూ పైకెక్కి దిగుతుంటారు. కుమటా నుంచి శిరసి 60 కి.మీ. చిల్లరే కదా అనిపిస్తుంది, తీరా చూస్తే రెండు గంటలు పడుతుంది. మలుపులకు పిల్లలకు వాంతులు, పెద్దవాళ్లకు నడుం నొప్పి. అందుకే నేను చెప్పే లెక్క ఒక్కటే: ఘాట్ ఒక్కసారి దిగాలి, ఒక్కసారి ఎక్కాలి. ప్లాన్ అంతా దాని చుట్టూనే అల్లుకోవాలి.

రెండోది నెల. ఈ తీరంలో ఏడాదికి 3000 మి.మీ.కు పైనే వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు మధ్యే. జలపాతాలు నిండుగా ఉండే రోజుల్లో సముద్రం దగ్గరికి పోనివ్వదు, పడవలు ఆగిపోతాయి. సముద్రం నెమ్మదించే జనవరికి జలపాతాలు సన్నబడిపోతాయి. రెండూ దొరికే కాలం అక్టోబరు మొదలు నవంబరు చివరి దాకా. మీరు ఎంచుకున్నది సరిగ్గా అదే, మార్చకండి. జులై–ఆగస్టులో పచ్చదనం చూద్దామని ఎవరైనా ఊరిస్తే వద్దనండి. 2024 జులై 16న అంకోలా దగ్గర శిరూరులో, హైవే కోసం కోసిన కొండ విరిగి రోడ్డు మీదా గంగావళి నదిలోనూ పడింది. మనుషులు పోయారు, దారి చాలా రోజులు మూతపడింది. ఘాట్ రోడ్లలో అలాంటి కోతలు ఇంకా ఉన్నాయి.

ప్రయాణానికి హుబ్బళ్లి రాత్రి రైలు ఎక్కండి, పొద్దున్నే దిగి అక్కడి కారు మాట్లాడుకోండి. హైదరాబాద్ నుంచి కారులోనే వెళ్తే గోకర్ణకు ఇంచుమించు 650 కి.మీ. రానూపోనూ రెండు రోజులు రోడ్డు మీదే పోతాయి. పైగా తెలంగాణ ట్యాక్సీకి కర్ణాటక పర్మిట్ పన్ను అదనం కావొచ్చు. హుబ్బళ్లి ట్యాక్సీవాళ్లు రోజుకు కనీసం 250–300 కి.మీ. లెక్కేస్తారు, డ్రైవర్ బత్తా వేరు. ఆ రెండూ, ఘాట్ రోడ్డుకు అదనంగా అడుగుతారా అన్నదీ ముందే తేల్చుకోండి. కాచిగూడ నుంచి నేరుగా మురుడేశ్వర్ రైలు ఉంది, కానీ కేరళ మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. పెద్దవాళ్లను అంతసేపు కూర్చోబెట్టొద్దు.

మొదటి రోజు హుబ్బళ్లి నుంచి ఎల్లాపుర 70 కి.మీ., మంచి రోడ్డు. అక్కడ మాగోడు జలపాతం చూడండి. బేడ్తి నది రెండు మెట్లుగా లోయలోకి దూకుతుంది, మీరు ఎదుటి గట్టు నుంచి చూస్తారు. నడక తక్కువ కాబట్టి అమ్మానాన్నలకు ఇబ్బంది ఉండదు. దగ్గర్లోనే సాతోడి జలపాతం ఉంది, దాన్ని వదిలేయండి. దారి గతుకులు, చివర్లో అడవి బాటలో నడవాలి. సాయంత్రానికి శిరసి చేరితే రెండు రాత్రులు అక్కడే. శిరసిలో హోటళ్లు సాదాగా ఉంటాయి, హోమ్‌స్టేలు బాగుంటాయి. హోమ్‌స్టే అయితే మూడు సంగతులు ఫోన్లో అడగండి: కారు ఇంటి ముందు దాకా వస్తుందా, బాత్రూమ్ గదిలోనే ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా. వక్కతోటల మధ్య ఇల్లు ఫొటోలో బాగుంటుంది, కానీ చివరి అర కిలోమీటరు బురదలో దిగాల్సి వస్తే పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు.

రెండో రోజు శిరసి చుట్టుపక్కలే. పొద్దున సోందాలో వాదిరాజ మఠం, అటువైపే శాల్మలా నదిలో సహస్రలింగం. నది మధ్యలో బండల మీద చెక్కిన శివలింగాలు, నందులు. నీళ్లు తగ్గితేనే బయటపడతాయి, అక్టోబరు మొదట్లో సగం మునిగే ఉండొచ్చు. కాబట్టి శిరసిలో బస చేసినచోట నీటి మట్టం అడిగి బయల్దేరండి. బండల మీద నాచు ఉంటుంది, పాప చెయ్యి వదలొద్దు. మధ్యాహ్నం భోజనం అయ్యాక బనవాసి, 25 కి.మీ. లోపే. కదంబుల రాజధాని, మధుకేశ్వర ఆలయం నేలబారుగా ఉంటుంది, మెట్లు ఎక్కే పని లేదు. మనవాళ్లకు ఇక్కడ ఒక సంబంధం ఉంది: మన తెలుగు లిపి, కన్నడ లిపి రెండూ ఆ కాలపు కదంబ లిపి నుంచి ఎదిగినవే. అందుకే కర్ణాటక బస్సు మీద బోర్డు కాస్త నిలబడి చూస్తే తెలుగువాళ్లు చదివేయగలరు. తలకట్టు తేడాకు అలవాటు పడితే చాలు, ఊరి పేర్లు తెలిసిపోతాయి. ఇంగ్లీషు బోర్డు లేని అడ్డరోడ్ల దగ్గర ఇది నిజంగా పనికొస్తుంది.

శిరసిలో తొడెదేవు తినకుండా రావొద్దు. బియ్యప్పిండి, చెరకు రసం కలిపిన జారుడు పిండిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండకు ఒక్క పూత పూస్తారు. క్షణంలో కాగితంలా లేచొస్తుంది, వేడి మీదే మడతపెడతారు. మన ఆత్రేయపురం పూతరేకు చేసేదీ బోర్లించిన కుండ మీదే. పూతరేకులో తీపి మడతల మధ్య చల్లుతారు, ఇక్కడ తీపి పిండిలోనే ఉంటుంది. అదొక్కటే తేడా. గాలి తగిలితే మెత్తబడుతుంది, డబ్బాలో గట్టిగా మూత పెట్టించుకోండి. భోజనంలో బెల్లం కాస్త తగులుతుంది, కారం తక్కువ. నాన్నగారికి కారం లేనిదే ముద్ద దిగదంటే ఇంటి నుంచి పచ్చడి సీసా పెట్టుకోండి.

మూడో రోజు కిందికి దిగాలి. జోగా, యాణా అన్నది ఇక్కడే తేలుతుంది. వానలు బాగా కురిసిన ఏడాది, నవంబరు మధ్యలోపు అయితే జోగ్. అంతకన్నా ఆలస్యమైతే యాణ. ఎందుకంటే జోగ్ నీళ్లు వాన ఒక్కదాని మీదే ఆధారపడవు. శరావతి మీద ఎగువన 1964లో కట్టిన లింగనమక్కి డ్యామ్ ఉంది, నీళ్లను కరెంటు కోసం పట్టి ఉంచుతారు. డ్యామ్ నిండి గేట్లు ఎత్తితే రాజా, రాణి, రోరర్, రాకెట్ అనే నాలుగు పాయలూ ఒకటై 253 మీటర్లు దూకుతాయి. లేకపోతే బండ మీద సన్నటి ధారలే మిగులుతాయి. బయల్దేరే ముందు రోజు ‘లింగనమక్కి నీటి మట్టం’ వార్తలు చూసుకోండి, ఫొటోలు చూసి నమ్మొద్దు. పెద్దవాళ్లకు జోగ్ సుఖం, ఎదుట గట్టు మీద నిలబడి చూస్తే చాలు. కిందికి దిగే సుమారు 1400 మెట్ల జోలికి పోవద్దు. మంచు కమ్మేస్తే వెంటనే వెనుదిరగకండి, అరగంట ఆగితే తెర తొలుగుతుంది. శిరసి–జోగ్ 60 కి.మీ., అక్కణ్ణుంచి గేరుసొప్ప మీదుగా హొన్నావర ఇంకో 60 కి.మీ.

యాణ అయితే దారి వేరు, దేవిమనె ఘాట్ వైపు. నల్లటి సున్నపురాతి శిఖరాలు రెండు, భైరవేశ్వర శిఖరం 120 మీటర్లు, మోహినీ శిఖరం 90. కారు దిగాక అడవిలో నడిచి, ఆపైన మెట్లు ఎక్కాలి. గుడి కాబట్టి చెప్పులు వదిలే రాతి చీలికలోంచి చుట్టూ తిరగాలి. అంచులు కోసుకుంటాయి, తడిగా ఉంటే జారతాయి. మోకాళ్ల నొప్పులుంటే కింద కూర్చోబెట్టండి. దేవిమనె ఘాట్ రోడ్డు వెడల్పు పనుల వల్ల, కొండచరియల వల్ల మూసేసిన రోజులున్నాయి, ఆ వారం తెరిచి ఉందో లేదో శిరసిలో కనుక్కునే కదలండి.

నాలుగో రోజు హొన్నావర, మురుడేశ్వర్. మడ అడవిలో చెక్క నడకదారి కాసరకోడు దగ్గర ఉంది. కాకినాడ పక్కన కోరింగ చూసినవాళ్లకు చెట్లు పరిచయమే, కానీ ఇక్కడ శరావతి సముద్రంలో కలిసే చోటు కళ్లెదుటే ఉంటుంది. వెళ్లే సమయానికి ఆటుపోట్ల లెక్క చూసుకోండి. ఆటు మీద ఉంటే బురద బయటపడి, ఊడల కింద పీతలు, మట్టిలో గెంతే చేపలు కనిపిస్తాయి, పాప కదలదు. పోటు మీద ఉంటే పడవ ఆ పాయల్లోకి వెళ్లగలుగుతుంది. రెండింటికీ మధ్య సుమారు ఆరు గంటలు. లైఫ్ జాకెట్ పాప సైజులో లేకపోతే పడవ ఎక్కించొద్దు. మురుడేశ్వర్‌లో 37 మీటర్ల శివుడి విగ్రహం, 20 అంతస్తుల గోపురం, లోపల లిఫ్ట్. సెలవు రోజుల్లో లిఫ్ట్ క్యూ పొడుగు, అందుకే పొద్దున్నే వెళ్లి, ఆ తర్వాత హొన్నావర పడవ పెట్టుకుని, సాయంత్రానికి గోకర్ణ చేరండి.

విశాఖ, సూర్యలంక అలవాటైనవాళ్లు బీచ్‌కు పొద్దున్నే వెళ్లిపోతారు. ఇక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు, బీచ్ సాయంత్రానిది. గోకర్ణలో గుడి పక్కనున్న పెద్ద బీచ్ చదునుగా ఉంటుంది, అమ్మానాన్నలకు అదే మేలు. ఓం బీచ్‌కు కారు పైదాకా వస్తుంది, తర్వాత మెట్లు. హాఫ్ మూన్, ప్యారడైజ్ బీచ్‌లకు గుట్టలెక్కి నడవాలి, వదిలేయండి. ఓం బీచ్ మధ్యలో పొడుచుకొచ్చిన రాళ్ల మీద ఫొటోకు నిలబడొద్దు. అల చిన్నదే అనిపిస్తుంది, వెనక్కి లాగే నీరు కాళ్ల కింద పట్టు తీసేస్తుంది. మహాబలేశ్వర దర్శనం పొద్దున చేసుకోండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. మగవాళ్లకు పంచె ఉండాలి, చొక్కా విప్పాలి.

దండేలి ఎందుకు వద్దన్నానంటే, కాళీ నదిలో రాఫ్టింగ్ సూపా డ్యామ్ నుంచి నీళ్లు వదిలితేనే ఉంటుంది, ఏడేళ్ల పాపను ఎక్కించరు. దానికి రెండు రాత్రులు కావాలి. హుబ్బళ్లి నుంచి దగ్గరే కాబట్టి అదొక వారాంతం విడిగా పెట్టుకోండి. కార్వార్ గోవా నుంచి వచ్చేవాళ్లకు బాగా కుదురుతుంది.

సామానులో గాడులున్న రబ్బరు చెప్పులు, పొడుగు చేతుల చొక్కాలు, గుడ్డలో కట్టిన ఉప్పు ఉండాలి. జలగ పడితే లాగొద్దు, ఉప్పు మూట తడిపి అద్దితే అదే వదులుతుంది. పిడుదులతో మాత్రం జాగ్రత్త. 1957లో పొరుగునున్న శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడ్డ కోతి జ్వరం వీటి వల్లే వస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ, సిద్దాపుర వైపు కేసులు వస్తుంటాయి. రాలిన ఆకుల మీద కూర్చోవద్దు, రాత్రి స్నానం చేసేటప్పుడు పాప చెవుల వెనక, చంకల్లో, నడుం దగ్గర చూడండి. తిరిగొచ్చిన రెండు వారాల్లో ఎవరికైనా గట్టి జ్వరం వస్తే ఆ అడవులకు వెళ్లామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

అయిదో రోజు గోకర్ణ నుంచి అంకోలా, అరబైల్ ఘాట్ మీదుగా హుబ్బళ్లికి ఇంచుమించు 150 కి.మీ. లారీలు బారులు తీరే దారి, మ్యాప్ చూపించే సమయానికి గంట కలుపుకోండి. రాత్రి రైలు అందుకోవాలంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా కారు కదలాలి.