మీ క్యారెక్టర్లు కలవడం లేదా? ముందు ఒక చిట్టీ వేయించండి

ప్రశ్న: సర్, మేం డిస్కార్డ్ చాట్ యాప్‌లో టేబుల్‌టాప్ రోల్‌ప్లే గేమ్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపించే ఆట) ఆడుతుంటాం. కథ నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. ఆడేవాళ్లు ఐదుగురు, అందులో ఇద్దరు డాలస్‌లో ఉంటారు. కత్తులు, డ్రాగన్లు బోర్ కొట్టి ఈసారి ఇప్పటి హైదరాబాద్‌లో జరిగే హారర్ కథ మొదలుపెట్టాను. క్యారెక్టర్లు: అంబులెన్స్ డ్రైవర్, సాఫ్ట్‌వేర్ టెస్టర్, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, యూట్యూబ్ చానెల్ రిపోర్టర్, టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడ. మొదటి సెషన్ మొత్తం ఎవరింట్లో వాళ్లే కూర్చున్నారు, ఒక్కరూ ఇంకొకరికి తగల్లేదు. వీళ్లను కలిపే యాప్ గానీ ఏఐ టూల్ గానీ ఉంటే చెప్పండి.

జవాబు: అలాంటి యాప్ లేదండీ, ఉన్నా మీ సమస్య తీరదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో సత్రంలో నలుగురు కొత్తవాళ్లు కూర్చుని ఉంటే ఎవరో ముసలాయన వచ్చి గుహలో నిధి ఉందంటాడు, వీళ్లు లేచి వెళ్లిపోతారు, ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పటి హైదరాబాద్‌లో అది నడవదు. ప్రతి ఒక్కరి జేబులో ఫోన్ ఉంది, తెల్లారితే డ్యూటీ ఉంది, తేడాగా ఏదైనా కనిపిస్తే 112కి కొట్టేసి ఇంటికి పోతారు. ఏఐని అడిగి చూడండి, ఐదుగురికీ ఒకే అజ్ఞాత నంబర్ నుంచి మెసేజ్ వచ్చిందని రాసిస్తుంది. మీ టెస్టర్ ఆ నంబర్‌ను బ్లాక్ చేసి పడుకుంటాడు. నేనైనా అదే చేస్తాను.

వాళ్లకు కథ మొదలవకముందే ఒకరితో ఒకరికి లెక్కలుండాలి. ఫేట్ కోర్ అని 2013లో వచ్చిన ఆటలో దీనికి మంచి పద్ధతి ఉంది. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే ఒక్కొక్కరూ తమ పాత అనుభవం ఒకటి రాసి పక్కవాళ్లకు ఇస్తారు, అందులో తామెలా ఇరుక్కున్నారో మరో ఇద్దరు రాస్తారు. ఆ రూల్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే, చట్టబద్ధంగానే దొరుకుతాయి. మీరు ఆట మార్చక్కర్లేదు, ఆ పద్ధతి ఒక్కటి అరువు తెచ్చుకుంటే చాలు. కాకపోతే "మీ ఇద్దరికీ ఎలా పరిచయం?" అని అడగొద్దు, "కాలేజీ ఫ్రెండ్స్" అని రాసి చేతులు దులుపుకుంటారు. "నువ్వు ఎవరికి ఏం బాకీ ఉన్నావు, అది ఎవరికి తెలియకూడదు?" అని అడగండి.

ఐదుగురిలో ప్రతి ఇద్దరికీ సంబంధం కల్పించాలంటే పది కావాలి, అంత బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. గుండ్రంగా కూర్చోబెట్టి ఇటు ఒకరితో, అటు ఒకరితో ముడి వేస్తే ఐదు సరిపోతాయి. మీవాళ్లతోనే చూడండి. డ్రైవర్ అప్పుకి షూరిటీ సంతకం పెట్టింది హెడ్ కానిస్టేబుల్. ఆయనకు టిఫిన్ సెంటర్‌లో ఖాతా ఉంది, ఎన్నాళ్లయినా తీర్చడు. ఆవిడ మేడ మీది గదిలో అద్దెకుండేది టెస్టర్. టెస్టర్ తన ఆఫీసు గుట్టు ఒకటి రిపోర్టర్‌కి చేరవేశాడు. ఆ రిపోర్టరే ఒకప్పుడు డ్రైవర్ మీద తప్పుడు వార్త వేసి ఉద్యోగం ఊడగొట్టాడు.

ఇక అందరినీ ఒక చోటికి తేవడానికి మన దగ్గర చిట్టీని మించింది లేదు. నెలకు 25 వేలు, 20 నెలలు, 5 లక్షల చిట్టీ, రిజిస్ట్రేషన్ లేదు, చిట్టీ నడిపే ఆంటీ (ఈ పాత్ర మీరే ఆడించాలి) దగ్గరున్న నోట్‌బుక్కే లెక్క. కానిస్టేబులూ టెస్టరూ ఒకే గ్రూపులో ఎందుకున్నారని ఏ తెలుగువాడూ అడగడు. పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లరన్నదానికీ జవాబు అందులోనే ఉంది: ఒకరు ఇంట్లో చెప్పకుండా వేశారు, ఇంకొకరు మొదటి నెలలోనే పాడుకుని డబ్బు వాడేసుకున్నారు, హెడ్ కానిస్టేబుల్ గారేమో పాత స్టేషన్ వాళ్ల చేత కూడా కట్టించారు.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు పనికొస్తుంది. డిస్కార్డ్‌లో "చిట్టీ గ్రూప్" అని ఒక చానెల్ పెట్టండి, అది కథలోని వాట్సాప్ గ్రూప్ అన్నమాట, అందులో ఎవరైనా క్యారెక్టర్‌గానే మాట్లాడాలి. టప్పర్‌బాక్స్ అనే బాట్‌ని చేర్చుకుని ఆంటీ పేరు, ఫొటో రిజిస్టర్ చేస్తే మీరు టైప్ చేసింది ఆంటీ పేరుతో పడుతుంది. సెషన్‌కి రెండు రోజుల ముందు, రాత్రి పొద్దుపోయాక, ఒక్క మెసేజ్ వదలండి: "ఈ నెల పాట లేదు. ఎవ్వరూ మా ఇంటికి రావద్దు." ఇక చూస్కోండి, అందరూ అక్కడే ఉంటారు.

రహస్యాల కోసం ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో ప్రైవేట్ చానెల్ పెట్టండి. జాగ్రత్త, సర్వర్‌లో ఎవరికైనా అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఇచ్చి ఉంటే ప్రైవేట్ చానెళ్లన్నీ వాళ్లకు కనిపిస్తాయి, ముందు అది తీసేయండి. బాకీల చిట్టా మీ కోసం అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లో రాసుకోండి. ఒక్కో క్యారెక్టర్‌కి ఒక్కో నోట్, పేర్లను రెండేసి చదరపు బ్రాకెట్లలో పెడితే లింకులవుతాయి. తర్వాత గ్రాఫ్ వ్యూ తెరిస్తే ఏ గీతా లేకుండా విడిగా తేలుతున్న చుక్క ఒకటి కనిపించవచ్చు. వచ్చే సెషన్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చునేది ఆ ప్లేయరే.

ప్రశ్న: ఫౌండ్రీ (ఇలాంటి ఆటలు ఆన్‌లైన్‌లో మ్యాప్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్) కొన్నాను. రూటర్‌లో 30000 పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, అంటే బయటివాళ్లు వచ్చే దారి తెరిచినా, మావాళ్లకు కనెక్ట్ కావడం లేదు.

జవాబు: మీ రూటర్ పేజీలో కనిపించే వాన్ ఐపీని (ఇంటర్నెట్ వైపు రూటర్‌కున్న అడ్రస్), "నా ఐపీ ఏంటి" అని గూగుల్ చేస్తే వచ్చే సైట్లు చూపించే ఐపీతో పోల్చండి. రెండూ వేరైతే, ముఖ్యంగా రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు బహుశా సీజీనాట్ వెనకున్నారు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడర్ చాలామందికి పంచుతున్నాడు, మీరు పోర్ట్ ఎంత తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ అడగండి, దానికి విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. లేదంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ పెట్టుకోండి, పోర్ట్ తెరవకుండానే బయటివాళ్లను లోపలికి తెచ్చే దారి అది. లైసెన్స్ గేమ్ మాస్టర్‌కి ఒక్కరికుంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్లో వచ్చేస్తారు. అయినా ఇప్పటి కాలం కథకి ఇంత హంగామా ఎందుకు? ఔల్‌బేర్ రోడియో అనే బ్రౌజర్ మ్యాప్ టూల్‌లో అపార్ట్‌మెంట్ ఫ్లోర్ ప్లాన్ ఒకటి పడేస్తే గడిచిపోతుంది.

ప్రశ్న: (మొదటి పాఠకుడే) శనివారం రాత్రి 8కి పెట్టుకుంటాం. నవంబర్ వస్తే డాలస్ వాళ్లతో ప్రతిసారీ గందరగోళమే.

జవాబు: వాళ్ల గడియారం మారుతుంది, మనది మారదు. మన 8 గంటలు వాళ్లకు వేసవిలో ఉదయం 9:30, నవంబర్ మొదటి ఆదివారం దాటాక 8:30. డిస్కార్డ్‌లోనే ఈవెంట్ క్రియేట్ చేయండి, ఎవరి టైమ్ వాళ్లకు కనిపిస్తుంది. గూగుల్ క్యాలెండర్లో పెడితే మాత్రం టైమ్ జోన్ ఇండియాదే ఉంచండి. చలికాలం శనివారం పొద్దున్నే 8:30కి హారర్ ఆడటానికి లేస్తారా లేదా అన్నది మీరే వాళ్లను అడగాలి.